బ్రేకు పెడల్ మీద మా ఆవిడ కాలు

1998 వేసవిలో నేను గవర్నర్‌పేటలోని ఒక కార్ల సర్వీసు షెడ్డుకి వర్క్స్ మేనేజర్‌ని. మెకానిక్కుల మీద ఫోర్‌మన్, ఫోర్‌మన్ మీద నేను. చేతికి గ్రీజు అంటని ఉద్యోగం. ఆ రోజుల్లోనే కంకిపాడు నుంచి మా మావగారు తన పాత కారు మా ఇంటికి పంపారు. బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతోంది. బాగుచేస్తే కారు మా ఆవిడ సుగుణకే ఇచ్చేస్తానన్నారు. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సు, బస్సులు మారి డ్యూటీకి వెళ్లేది. కారు వస్తుందన్న ఆశతో డ్రైవింగ్ లైసెన్సు కూడా తెచ్చుకుంది.

చక్రంతో తిరిగే డిస్కును రెండు ప్యాడ్లతో నొక్కి ఆపే ఇనుప దిమ్మను క్యాలిపర్ అంటారు. ఒక వైపు క్యాలిపర్‌లో ప్యాడ్లను తోసే పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుంటే బండి రెండో వైపుకి లాగుతుంది. షెడ్డులో అయితే మొత్తం దిమ్మే మార్చేస్తాం. సొంత పని కదా అని నేను వన్ టౌన్‌లో రబ్బరు సీళ్ల కిట్ కొని, ఇంటి ముందే విప్పాను. ఒక వైపు బిగించాకే రెండో వైపు విప్పాలని షెడ్డు గోడ మీద రాయించింది నేనే. ఇంట్లో మేనేజర్‌ని అడిగేదెవరు? రెండూ విప్పి ఒకే బేసిన్‌లో వేసి కడిగాను. పిస్టన్లు నునుపు చేసి, కొత్త సీళ్లు వేసి బిగించాను.

ఇక గొట్టాల్లో గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, రెండోవారు క్యాలిపర్ మీది చిన్న స్క్రూ వదులు చేసి గాలిని, దాంతోపాటు కాస్త బ్రేకు ఆయిల్‌ని బయటికి వదిలి మళ్లీ బిగిస్తారు. సుగుణ తొక్కింది. ఎంత తొక్కినా పెడల్ దూదిలా దిగిపోతోంది.

"గట్టిగా తొక్కవే. జోల పాడుతున్నావా?"

"ఇంకా గట్టిగా తొక్కితే కాలు రోడ్డుకి తగులుతుందండీ."

ఆయిల్ డబ్బా ఖాళీ అయింది. ఆమె విసుగ్గా దిగివచ్చి, నా పక్కన వంగి చూసింది.

"సిరంజిలో గాలి పోవాలంటే మేం సూది పైకి పట్టుకుంటాం. మీ స్క్రూ కిందికుందేంటి?"

చూస్తే, కుడి క్యాలిపర్ ఎడమకీ, ఎడమది కుడికీ బిగించేశాను. అలా చేస్తే స్క్రూ కిందికి వస్తుంది. ఆయిలే పోతుంది, గాలి పైన హాయిగా కూర్చుంటుంది. "నీకు తెలియదులే" అన్నాను. ఆమె డ్యూటీకి వెళ్లాక రెండూ మార్చి బిగించి, ఇంకో డబ్బా ఆయిల్ తెచ్చి, పక్కింటాయన చేత తొక్కించాను. పెడల్ రాయిలా నిలబడింది.

మర్నాడు మావగారు వచ్చి, ఇంత ఆలస్యమేమిటని అడిగారు. "మీ అమ్మాయి కాలికి లొంగలేదండీ, పక్కింటాయన కాలికి లొంగింది" అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"బ్రేకు తొక్కే బలం లేనిదానివి, నీకు బండెందుకమ్మా?" అని, కారు తిరిగి తీసుకెళ్లి కొడుక్కి ఇచ్చేశారు.

ఆయన ఆ మాట అన్నప్పుడు సుగుణ నా వైపు చూసింది. నేను టైర్లలో గాలి చూస్తున్నాను.

రిటైరయ్యేదాకా ఆమె బస్సులు మారుతూనే ఉంది. కంకిపాడు చుట్టాలు ఇప్పటికీ ఆమె కాలి మీద జోకులు వేస్తారు. ఇది రాస్తున్నానని చెబితే, "మా తమ్ముడికి గట్టిగా చదివి వినిపించండి, జోల పాడినట్టు కాదు" అంది.

కాబట్టి ఈ పని ఇంట్లో చేసుకునేవారికి ఒక మాట. గాలి తీసే స్క్రూ ఎప్పుడూ పైకే ఉండాలి. పెడల్ మెత్తగా ఉంటే ముందు దాన్ని చూడండి, తొక్కే మనిషి కాలిని కాదు.