మిగిలిపోయిన అరిసెల పిండి

ఈ ఏటి క్రిస్మస్ కబురు నాకు మొట్టమొదట చెప్పింది నందిని గనుల ఊళ్ళో ఉంటున్న మా ఆడపడుచు. పొద్దున్నే ప్రార్థన ముగించి ఇంకా కళ్ళు తెరవనేలేదు, ఫోన్ మోగింది. "వదినా, హాస్టల్ నుంచి ముగ్గురు గుంటల్ని పండక్కి మా ఇంటికి పంపిస్తన్నారు. అరిసెల పిండికి పాకం ఎంతవరకూ రానివ్వాలేటి? అమ్మ ఎలా చేసీదో నువ్వే చెప్పాల" అంది. చెప్పాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. మా ఆయన మా అత్తగారికి ఒక్కడే కొడుకు. నేను కాపురానికి వచ్చేనాటికి నాకు ఆడపడుచులన్న వాళ్ళే లేరు. ఆ తరవాత నాకు ఇద్దరు ఆడపడుచుల్ని సంపాదించి పెట్టింది ఒక డిసెంబరులో మిగిలిపోయిన అరిసెల పిండి.

డెబ్భైల చివరి మాట. మా ఆయనకి భిలాయి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని, సెక్టారులో రెండు గదుల క్వార్టరు, వెనక జామచెట్టు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా అమ్మ బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు నేర్పితే నేర్చుకున్నాను. కాబట్టి మా చర్చి పాస్టరు అయ్యగారు ఆదివారం ఏది చెప్పినా నాకు పాఠం చెప్పినట్టే ఉండేది. ఆ ఆదివారం ఆయన, దుర్గ్ దగ్గరి హాస్టల్లో సెలవులకి తీసుకెళ్ళే దిక్కులేని పిల్లలున్నారు, పండగ మూడు రోజులూ ఎవరైనా ఇంటికి తెచ్చుకుంటారా అని అడిగారు. మా ఆయన చెయ్యెత్తారు. పక్కన కూర్చున్న మా అత్తగారు ఆ చెయ్యి కిందికి లాగారు. ఆయన రెండో చెయ్యి ఎత్తారు. అయ్యగారు చూసి, "దేవుడికి స్తోత్రం, ఇద్దరు!" అని రాసేసుకున్నారు.

ఇంటికొచ్చే దారంతా రిక్షాలో అత్తగారి గొణుగుడే. "పండగ పూట తెస్తావు, మూడోనాడు దింపీసి వస్తావు. ఈలోగా అలవాటైపోతే ఆ గుంటలకీ ఏడుపే, నాకూ ఏడుపే. ఈ ఏడుతో సరి. వచ్చే ఏడు ఈ మాటెత్తితే నాను విజీనారం రైలెక్కీస్తాను, చెప్తన్నాను." అత్తగారి కోపం ఎప్పుడూ విజయనగరం రైలు దాకానే వెళ్ళేది. రైలు మాత్రం ఎక్కేవారు కారు.

ఇద్దరూ అక్కచెల్లెళ్ళు. పెద్దదానికి తొమ్మిదో పదో, చిన్నదానికి ఆరు. మనవాళ్ళ పిల్లలే. తల్లీ తండ్రీ పోయాక హాస్టల్లో హిందీ మధ్య పెరిగి, పెద్దదానికి ముక్కలు ముక్కలుగా తెలుగు మిగిలింది, చిన్నదానికి అదీ లేదు. మా అత్తగారికా, భిలాయిలో అన్నేళ్ళున్నా, వచ్చిన హిందీ అంతా కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నదే. అందుకని కంచాల్లో అన్నం పెడుతూ, "లేలో, లేలో, తాజా హై!" అని కూరలమ్మినట్టే అనేవారు. చిన్నది పడీ పడీ నవ్వేది. అత్తగారికి అదెందుకో అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా ఇంకో గరిటె వేసేవారు.

అసలు వింత రెండో రోజు మధ్యాహ్నం జరిగింది. అందరం భోంచేసి చేతులు కడుక్కున్నాం. రెండింటికి ప్లాంటులో షిఫ్టు మారే సైరన్ మోగింది. వెనక్కి తిరిగి చూస్తే పిల్లలిద్దరూ కంచాలు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర వరసలో నిలబడి ఉన్నారు. ఇద్దరే అయినా వరస వరసే, పెద్దది ముందు, చిన్నది వెనక.

"ఓలమ్మ, ఏటే ఇది? ఇప్పుడే కదే తిన్నారు!"

"ఘంటీ మోగింది కదా, దాదీ" అంది పెద్దది, తప్పు తనదేమో అన్నట్టు.

హాస్టల్లో గంటకి లేవడం, గంటకి తినడం. ప్లాంటు సైరన్ కూడా తమ కోసమే అనుకున్నారు. నేను నవ్వబోయి ఆగిపోయాను. అత్తగారు మాత్రం కాసేపు ఇద్దర్నీ తేరిపార చూసి, "సరే, మోగింది కదా మరి" అని చెరో అరిసె వేశారు. మర్నాడు పొద్దున్న సైరన్ మోగేసరికి గుమ్మంలో గరిటె పట్టుకుని ఆవిడే ముందు నిలబడి ఉన్నారు.

పండగ సాయంత్రం చిన్నది నా కొంగు పట్టుకుని, "అగ్లీ బార్ భీ ఇసీ ఘర్ మే?" అని అడిగింది. వచ్చే ఏడు కూడా ఈ ఇంటికేనా అని. నేను నోరు తెరిచేలోపే పెద్దది, "నై రే, ప్రతీసారీ వేరే ఇల్లే. హర్ సాల్ మారుస్తారు" అని చెల్లెలికి సర్దిచెప్పింది. అంత చిన్న వయసులో అంత నెమ్మదిగా చెప్పకూడదు ఆ మాట. ఒకసారి చూసిన గుమ్మం మళ్ళీ చూడడమన్నది వాళ్ళకి అంతవరకూ జరగలేదు. పొయ్యి దగ్గర అత్తగారి చేతిలో గరిటె ఆగింది. ఆ పూట నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, ఈ గుమ్మం వీళ్ళకి మళ్ళీ చూపించమని.

వెళ్ళే రోజు మా ఆయన రిక్షా తెచ్చారు. పిల్లలు ఎక్కబోతుంటే అత్తగారు "ఉండండి" అని లోపలికి వెళ్ళి, అరిసెలకి పట్టగా మిగిలిన పిండి రెండు ముద్దలు చేసి, రెండు కొత్త తువ్వాళ్ళలో పెట్టి తెచ్చారు. ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి, చెరొక ముద్దా ఒళ్ళో పెట్టి, నడుముకి ముడి వేశారు. బొట్టూ పసుపూ మా ఇళ్ళలో లేవు గానీ, పుట్టింటి నుంచి వెళ్ళే ఆడపిల్ల ఒళ్ళో ఈ పాకం పిండినే చలిమిడిగా పెట్టడం మాత్రం మావాళ్ళు ఏ ఊరు వెళ్ళినా వదల్లేదు. పక్క క్వార్టరు శ్రీకాకుళం పిన్నిగారు గోడమీంచి చూసి కేకేశారు.

"అప్పా! సారె పెట్టీసినావేటి?"

"సారెవిటి, నీ మొకం. మిగిలిపోయిన పిండి!"

"పిండి మిగిల్తే డబ్బాలో ఎడతారు గానీ ఒళ్ళో ఎడతారేటి? ఇంక ఆళ్ళు నీ ఇంటి ఆడపడుచులే. ఏటేటా తీసుకురాకపోతే ఊరుకుంటామేటి?"

అత్తగారు తన చేతుల్ని తానే ఎగాదిగా చూసుకున్నారు, అవి ఎవరివో అన్నట్టు. తరవాత రిక్షా అతన్ని, ఆలస్యం చేస్తున్నాడని తిట్టారు. పాపం, అతను సీటు మీదే కూర్చుని ఉన్నాడు.

మరుసటి డిసెంబరులో అయ్యగారు, ఈసారి ఆ అక్కచెల్లెళ్ళకి వేరే ఇల్లు రాశారని చెప్పారు. నేను ఏడుపు మింగుకుని ఇంటికొచ్చి చెప్పాను. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, దుర్గ్ బయల్దేరారు. హాస్టల్ వార్డెన్ మలయాళీ ఆవిడ, నిబంధన అంటే నిబంధనే. మా అత్తగారు ఎదురుగా కూర్చుని, తనకొచ్చిన హిందీ అంతా బల్లమీద పరిచారు. "దేఖో బెహన్‌జీ. ఏ దోనో మేరా హై. సారె దియా. వాపస్ నై హోగా. తుమ్ ఉనకో దూస్రా దేదో. హమ్ నై ఛోడేగా." ఇద్దరూ నావాళ్ళు, సారె పెట్టేశాను, ఆ రెండో ఇంటికి వేరే పిల్లల్నివ్వు, నేను వదలను అని. వార్డెన్‌కి సారె అంటే ఏమిటో నేను విడమరచి చెబుతుంటే, కిటికీ అవతల చిన్నది అప్పటికే మూట కట్టుకుని నిలబడి ఉంది. వార్డెన్ ఆ మూటకేసి చూసి, అత్తగారికేసి చూసి, "లే జాయియే, మాజీ" అంది, తీసుకెళ్ళండమ్మా అని.

ఆ తరవాత ఏటా వచ్చారు, దాదీని అమ్మా అని, నన్ను వదినా అని పిలుస్తూ. పెద్ద చదువుల నుంచి వచ్చారు, అత్తవారిళ్ళ నుంచి వచ్చారు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. నాకు దేవుడు ఇచ్చినవన్నీ చెప్పుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెడతాను. అత్తగారు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. ఎవరడిగినా, "పిండి మిగిలిపోయింది, అంతే" అనేవారు. మిగిలిపోవడానికి ప్రతీ ఏడూ రెండు శేర్ల బియ్యం ఎక్కువ నానబోసేవారు.

మా ఆయన రిటైరయ్యాక ఆ క్వార్టరు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. మేముంటున్న చోటికి సైరన్ వినబడదు. అయినా మధ్యాహ్నం రెండయ్యేసరికి ఇప్పటికీ నా చెయ్యి గరిటె వెతుక్కుంటుంది. ఈసారి నందినిలో ముగ్గురు పిల్లలు వెళ్ళేరోజున ఒళ్ళో ఏం పెడతారో నాకు తెలుసు. వచ్చే ఏడు వాళ్ళు ఎక్కడుంటారో కూడా తెలుసు. మీ ఇంట్లో ఎప్పుడైనా అరిసెల పిండి కాస్త మిగిలితే, మా అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి. ఏళ్ళు తీసుకెళ్ళినవాళ్ళని ఏళ్ళు తిరిగివ్వవు గానీ, వాళ్ళ చేతులకున్న అలవాటుని మాత్రం ఎవరో ఒకరి చేతుల్లో పెట్టే వెళ్తాయి.