ఒంటిగంట పడవ

నీళ్ళకు టైమ్‌టేబులు వేసిన మనుషుల్ని నేను చూశాను. వాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభైల మొదట్లో ప్రకాశం జిల్లా తీరాన ఒక పల్లెలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఏరు. ఆ ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. రేవులో నిలబడితే మొగ దగ్గర తెల్లగా విరిగే అలలు కనిపించేవి. బస్సు ఏటికి అవతలి ఒడ్డున ఆగేది. పడవ దాటితే గాని ఊళ్ళో అడుగు పెట్టలేం. వంతెన కట్టిస్తామని ప్రతి ఎన్నికలకూ ఎవరో ఒకరు వచ్చి కొబ్బరికాయ కొట్టి, ఆ పడవలోనే తిరిగి వెళ్ళేవారు.

నేను గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగాను. నీళ్ళంటే నాకు తెలిసింది మా వీధి కుళాయి. పొద్దున ఆరింటికి వచ్చి ఏడింటికి పోయేది. అందుకే మొదటి శనివారమే పడవ తాతతో గొడవ పెట్టుకున్నాను. ఒంటిపూట బడి ముగించుకుని, సంచీ తగిలించుకుని, గుంటూరు బస్సు కోసం పరుగెత్తుకుంటూ రేవుకి వచ్చాను. తాత చెవి వెనక చుట్ట పెట్టుకుని ఒడ్డున తాపీగా కూర్చుని ఉన్నాడు. పడవ కట్టేసి ఉంది.

"ఇప్పుడు కాదు టీచరమ్మా. పాటు లాగతా ఉంది. నాలుగింటికి పోదాం" అన్నాడు.

"నాలుగింటికి బస్సుండదు. అవతలి ఒడ్డు కనబడుతూనే ఉందిగా, ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"అవతలి ఒడ్డుకైతే ఎంతోసేపు పట్టదమ్మా. ఇప్పుడు పోతే అవతలి ఒడ్డుకి పోము" అన్నాడు.

బద్ధకమనుకున్నాను. ముసలాయన అని కూడా చూడకుండా నాలుగు మాటలు అన్నాను. ఆయన లేచి వెళ్ళి, ఎండు కొబ్బరిమట్ట ఒకటి తెచ్చి ఏట్లోకి విసిరాడు. నేను చూస్తుండగానే అది పరుగెత్తే మనిషి అందుకోలేనంత వేగంగా మొగ వైపు కొట్టుకుపోయి, అలల్లో కనబడకుండా పోయింది. నేను సంచీ దించి ఆయన పక్కనే ఇసుకలో కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయనే నేర్పాడు. సముద్రం ఏట్లోకి ఎక్కితే పోటు, వెనక్కి దిగితే పాటు. పున్నానికీ అమాసకీ పోటు ఎక్కువ, పాటు అంతకంటే పొగరు. అష్టమికి రెండూ మెత్తగా ఉంటాయి. పున్నమి రోజు మన ఏట్లో పదీ పదిన్నరకి పోటు నిండుతుంది. ఆపైన రోజుకి రెండు గడియలు, అంటే ముప్పావుగంట, ఆలస్యమవుతూ పోతుంది. నిండిన రెండు మూడు గంటలకి పాటు బలం పట్టుకుంటుంది. సరిగ్గా అదే సమయానికి సముద్రం మీంచి దక్షిణపు గాలి లేస్తుంది. నీళ్ళు బయటికి, గాలి లోపలికి. రెండూ మొగ దగ్గర కలబడితే నీళ్ళు లేచి నిలబడతాయి. పున్నమి, అమావాస్యలకు అటూ ఇటూ రెండేసి రోజులు మధ్యాహ్నం పడవ కదలదని ఆ రేవులో ఆయన తండ్రి నాటినుంచీ ఉన్న కట్టుబాటు.

"ఈ రేవులో ఒక్క మనిషి పోలేదమ్మా" అనేవాడు. ఆయన ఆస్తి అదొక్కటే. పడవ పంచాయతీది, వేలంలో రేవు పాట పాడుకున్నవాడిది పెత్తనం, ఆయనది పడవ తోసే గెడ మాత్రమే.

నేను ఒంగోలు బస్టాండులో పంచాంగం కొని గోడకి తగిలించాను. క్రిస్మస్‌కి నన్ను చూడవచ్చిన మా అమ్మ అది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడ.

"ఇదేంటే? పాస్టరయ్యగారు చూస్తే ఏమనుకుంటారు?"

"పడవ కోసం అమ్మా."

"పడవెక్కడానికి ముహూర్తాలు చూస్తున్నావా?"

పోటూ పాటూ అంతా విప్పి చెప్పాక, పంచాంగం తలుపు వెనక్కి మార్చింది. తీసెయ్యమని మాత్రం అనలేదు. తిరిగి వెళ్ళేరోజు పొద్దున లేస్తూనే "ఇవాళ తిథేంటి?" అని తనే అడిగింది.

జనవరి దాటితే మా పల్లె ఆడవాళ్ళు మిరపకోతలకు వెళ్ళేవాళ్ళు. తెల్లవారుజామున ఏరు దాటితే అవతల ట్రాక్టరు నిలబడి ఉండేది. లోపలి నల్లరేగడి చేలకు తీసుకెళ్ళేది. ఎండలు ముదిరాక ఒంటిపూట పని. ఒంటిగంటకల్లా మంటలెత్తే చేతులతో, తలకి చుట్టుకున్న తువ్వాళ్ళతో తిరిగి ఏటి ఒడ్డుకి చేరేవాళ్ళు. పాటు బలంగా ఉన్న రోజుల్లో అవతల తుమ్మచెట్ల నీడన నాలుగింటిదాకా పడుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళెవరూ ఎన్నడూ గోల చెయ్యలేదు.

గోల చేసింది బస్సు దిగినవాళ్ళు. కాయల బేరగాళ్ళు, రొయ్యల బేరగాళ్ళు, చేతికి గడియారాలు పెట్టుకున్నవాళ్ళు. పడవ వేళకి నడవడం లేదని అర్జీ పెట్టారు. ఆ ఏడు రేవు పాట పాడుకున్నాయన దర్శి వైపు రైతు. కాలువ కింద మెట్టని మాగాణి చేసుకున్న మనిషి. రేవులో బోర్డు పాతించాడు. ఉదయం ఆరు, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఆరు. ఏ తిథి అయినా సరే.

తాత అభ్యంతరం చెబితే ఆయన నవ్వాడు. "ఏందయ్యా నువ్వు చెప్పేది? మా కాలవకి లస్కరు టైముకి షట్టరెత్తుతాడు, టైముకి దించుతాడు. అంత పెద్ద కాలవ మాట వింటంటే, మీ ఏటికేం రోగం?"

వెటకారం కాదది. నిజంగానే అలా అనుకున్నాడు. నీళ్ళ వెనక ఎక్కడో ఒక లస్కరు ఉంటాడని, వాణ్ణి గదమాయిస్తే సరిపోతుందని. ఒకప్పుడు నేనూ కుళాయి బుర్రతోనే వచ్చాను కాబట్టి ఆ మాటకి ఆయన్ని క్షమించగలను. తెలిసినవాడు చెబుతుంటే వినకపోవడాన్ని మాత్రం ఎలా క్షమించను?

మాఘ అమావాస్య రోజు ఒంటిగంటకి తాత పడవ విప్పలేదు. బస్సు దిగిన బేరగాళ్ళు అవతలి ఒడ్డునుంచి చేతులూపి అరిచారు. ఆయన కదల్లేదు. మర్నాడు పాటదారు వచ్చి గెడ లాక్కుని, కాలువ మీద బల్లకట్టు నడిపే తన మనిషికి ఇచ్చాడు. ఆ మనిషి చెడ్డవాడేం కాదు. నిలకడ నీళ్ళు తప్ప మరోటి ఎరగడు, అంతే.

"గెడ పోతే పోయిందమ్మా. పున్నానికి ఏం జరుగుద్దో అదే భయం" అన్నాడు తాత.

నేను ఊరుకోలేక పంచాంగం చంకన పెట్టుకుని మా బడికీ ఆ రేవుకీ పైఅధికారి అయిన పంచాయతీ సమితి ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. పున్నమికి ముందు రెండు, వెనక రెండు రోజులు మధ్యాహ్నం పడవ ఆపించమని అడిగాను. ఆయన పంచాంగం అటూ ఇటూ తిప్పి చూశాడు. హాజరు పట్టీలో ఉన్న నా క్రైస్తవ పేరు ఆయనకు తెలుసు.

"మీరు చర్చివాళ్ళు కదమ్మా. మీకెందుకు ఈ వర్జ్యాలు, దుర్ముహూర్తాలు?" అన్నాడు. పక్కనున్న గుమాస్తా కూడా నవ్వాడు.

వర్జ్యం కాదండీ, పాటు, అని చెప్పబోయాను. "తుపాను హెచ్చరిక ఉంటే రేడియోలో చెబుతారు. చెప్పినప్పుడు ఆపిద్దాం" అని ఫైలు తెరిచాడు. రేడియో కోస్తా అంతటికీ కలిపి ఒక్క ముక్క చెబుతుంది. మా ఏట్లో ఒంటిగంటకి నీళ్ళు ఎటు పోతాయో దానికేం తెలుసు? ఆ మాట అక్కడ గట్టిగా అనలేకపోయాను. బస్సులో కూర్చున్నాక వంద రకాలుగా అనుకున్నాను.

ఫాల్గుణ పౌర్ణమి రోజు రేడియో పొడి వాతావరణం అంది. నిజమే, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఒంటిపూట బడి విడిచిపెట్టి నేను రేవు పక్కనుంచే వస్తున్నాను. తాత వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. అవతల ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు పడవ దగ్గర నిలబడి ఉన్నారు. ఎక్కడానికి వాళ్ళకి ఇష్టం లేదని ఇటునుంచే తెలుస్తోంది. బేరగాళ్ళు ముందెక్కి కూర్చుని, వీళ్ళని కసురుతున్నారు. చివరికి ఎక్కారు.

తాత లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, వద్దని అరిచాడు. దక్షిణపు గాలి ఆ కేకని ఏటి ఎగువకి తోసేసింది.

పడవ ఏటి నడిమికి వచ్చేదాకా బాగానే వచ్చింది. అక్కడ గెడకి నేల అందలేదు. కొత్తవాడు గెడ పైకి లాగేసరికి పడవ ముక్కు మొగ వైపు తిరిగింది. ఆ తర్వాత పడవని నడిపింది ఏరే. ఆడవాళ్ళ ఏడుపు ఒడ్డుకి వినబడింది. వాళ్ళలో మా బడి పిల్లల తల్లులే ఎక్కువ.

తాత పడవ వెంట పరుగెత్తలేదు. మోకు భుజాన వేసుకుని, ఇద్దరు మనుషుల్ని పిలిచి, ఇసుక మీద అడ్డంగా మొగ దగ్గరికే పరుగెత్తాడు. మొగకి ఇవతల నీళ్ళలో మునిగిన ఇసుక మేట ఒకటుంది. పాటు ఏ పడవనైనా ముందు దాని పక్కకే తెస్తుందని ఆయనకు తెలుసు. మోకు ఒక కొస ఒడ్డున ఉన్నవాళ్ళకిచ్చి, రెండో కొస నడుముకి కట్టుకుని, మొలలోతు నీళ్ళలో మేట మీద నిలబడ్డాడు. పడవ రాగానే అంచు పట్టుకుని మోకు బిగించాడు. ఊరంతా చేరి లాగాం. నా చేతులు కూడా తోలు లేచిపోయాయి. పడవ మేట మీదికెక్కి, అడుగు చెక్క ఫెళ్ళున విరిగి ఆగింది. ఒక్కొక్కరినే దించాం. బేరగాళ్ళతో సహా అందరూ బతికారు. గెడ ఒక్కటే సముద్రంలోకి పోయింది.

ఆ సాయంత్రం తాత ముఖం చూసి, ఇక ఆయన పడవ ఆయనకి వచ్చేసినట్టే అనుకున్నాం. వారం తర్వాత ఆఫీసరు విచారణకి వచ్చాడు. మా బడిలోనే కుర్చీ వేసుకున్నాడు. పడవలో ఉన్న ఆడవాళ్ళని ఒక్క మాట అడగలేదు. వేలిముద్రలవాళ్ళ సాక్ష్యం దేనికని పాటదారు అంటే, సరేనన్నాడు. గుమాస్తా ముందే రాసుకొచ్చిన కాగితం నా ముందు పెట్టారు. సాక్షి సంతకం చదువుకున్న మనిషిది కావాలట.

ప్రమాదం రోజు వాతావరణం ప్రశాంతంగా ఉన్నదని అందులో ఉంది. రేవుతో సంబంధం లేని వ్యక్తి జోక్యం చేసుకుని పడవను ఇసుక మేట పైకి లాగించినందువల్ల అడుగు భాగం విరిగినదని ఉంది. ఇకపై అతన్ని రేవులోకి రానీయకూడదని ఉంది. మనుషులు బతికిన సంగతి ఎక్కడా లేదు. చనిపోతే రాసేవాళ్ళు.

"ఇది అన్యాయమండీ" అన్నాను.

ఆఫీసరు కోప్పడలేదు. "మీ గుంటూరు పక్కన పెదకాకానికి బదిలీ అడిగారు కదమ్మా. జిల్లా మారాలంటే ముందు నా సంతకం కావాలి. కాగితం టేబుల్ మీదే ఉంది" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

నాలుగేళ్ళుగా అడుగుతున్న బదిలీ అది. కలం పుచ్చుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ ఆఫీసరునీ, ఆ పాటదారునీ, ఆ బోర్డునీ కనబడిన ప్రతివాళ్ళ దగ్గరా తిడుతూ వచ్చాను. ఆ కాగితం మీద సంతకం మాత్రం వాళ్ళది కాదు.

వాళ్ళు వెళ్ళాక తాత బడి అరుగు దగ్గరికి వచ్చాడు. రేవులో దిగొద్దని అప్పటికే ఆయనకి చెప్పేశారు. దాని గురించి అడగడానికి వచ్చాడనుకుని తల దించుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"టీచరమ్మా, రేవు సంగతి పోనీ. ఆ కాయితంలో, అందర్నీ ఒడ్డుకి తెచ్చింది నేనని రాశారా? ఒక్క మనిషి పోలేదని రాశారా?"

"రాశారు" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. చెవి వెనక చుట్ట తీసుకుని వెలిగించాడు.

"సంతకం మీరే పెట్టారంటగా. అయితే నిజమే అయ్యుంటదిలే" అని ఇంటివైపు నడిచాడు.