ఫర్నేస్ మావకి నేను చెప్పిన అల్లుడి సీరియల్

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలోని ప్రతి వస్తువు మీదా ఒక అభిప్రాయం ఉండేది, ఎవరూ అడక్కుండానే అది బయటికొచ్చేసేది కూడా. ఇరవై రెండేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, స్నేహితుడు పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చిన ఇంగ్లీషు కామెడీ సీరియళ్ళు. ఈ మూడూ ఒకేసారి చేతికొస్తే ఎలాంటివాడికైనా కాళ్ళు నేలమీద ఆనవు. ఆ సీరియళ్ళ పుణ్యమా అని ‘ఓవర్‌రేటెడ్’ అనే మాట ఒకటి నా నోటికి పట్టుకుంది. సరుకు తక్కువ, పేరు ఎక్కువ అని దానర్థం. టీ కొట్టు సమోసా ఓవర్‌రేటెడ్, మా వీధి చివర మిరపకాయ బజ్జీ ఓవర్‌రేటెడ్, మా అక్క పెళ్ళి ఆల్బమ్ ఓవర్‌రేటెడ్ (ఆ మాటకి అక్క నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు). ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక గ్లాసు మజ్జిగ చేతికిచ్చి, కాస్త ఊరుకోరా నాయనా అనాలనిపిస్తుంది.

గరివిడిలో ఒక ఫ్యాక్టరీ ల్యాబులో ట్రైనీగా చేరాను. రోజూ పొద్దున్నే విజయనగరంలో బస్సెక్కడం, ఫర్నేసులోంచి తీసిన లోహం ముక్కల్ని పొడి చేసి అందులో మాంగనీసు ఎంతుందో తేల్చి కాగితం మీద రాసివ్వడం, సాయంత్రం మళ్ళీ బస్సెక్కడం. ఇదీ ఉద్యోగం. అసలు ఉద్యోగం మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకి గేటు బయట టీ కొట్టు బెంచీల మీద జరిగేది. భోజనానికి వచ్చిన మేమూ, రెండింటికి బి షిఫ్టు ఎక్కాల్సినవాళ్ళూ అక్కడ కలిసేవాళ్ళం. రాజకీయాలు మాట్లాడితే కొట్టుకుంటారని కొట్టు యజమాని నిషేధించాడు గనక అందరం టీవీ కామెడీల మీద పడేవాళ్ళం. దానికీ కొట్టుకోవచ్చని ఆయనకి అప్పటికి తెలియదు. స్టోర్సులో పనిచేసే బావ (ఊరందరికీ బావే) హిందీ కామెడీల పక్షం. మా ల్యాబు మేడమ్, “మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్న వచ్చేవయ్యా, అదీ హాస్యం. ఇప్పుడు వెనకాల ఎవడో నవ్వితే మనం నవ్వాలి,” అని తీర్పు చెప్పేసి క్యారేజీ మూత పెట్టేసేది. నేను పెన్‌డ్రైవు పక్షం. ఇక అల్లుడి సీరియల్ పక్షాన ఒంటరిగా నిలబడి పోరాడిన వీరుడు ఫర్నేస్ మావ.

ఫర్నేస్ మావ బి షిఫ్టు ఇన్‌చార్జి. యాభై దాటాయి. ఫర్నేసు హోరులో అరిచి అరిచి, గుసగుసలాడినా రోడ్డు అవతలికి వినబడే గొంతు ఆయనది. అల్లుడి సీరియల్ అంటే రోజూ రాత్రి ఎనిమిదింటికి వచ్చే తెలుగు కామెడీ. ఒక పెంకుటిల్లు, ఇల్లరికం వచ్చిన అల్లుడు, కోపిష్టి మావగారు, వీళ్ళ మధ్య నలిగిపోయే అత్తగారు. అల్లుడు ఏదో ఒకటి పగలగొడతాడు, మావగారు కేకలేస్తాడు, అత్తగారు నెత్తి కొట్టుకుంటుంది. మర్నాడు ఇంకోటి పగులుతుంది. అది ఓవర్‌రేటెడ్ అని నేనంటే మావ, “ఏటిరా నీకు తెలుసు? ఆ అత్తగారు నెత్తి కొట్టుకున్నప్పుడు సూడు, అది నటన,” అని బెంచీ మీద గుద్దేవాడు. పక్కనున్న టీ గ్లాసులు ఎగిరిపడేవి.

ఒకరోజు మావ నన్ను పక్కకి పిలిచి, తనకి తెలిసిన గుసగుసలో అడిగాడు. “ఒరే గుంటడా, నీకు సాయంత్రం ఖాళీయే కదా. ఎనిమిదింటికి ఆ సీరియల్ సూసి, మర్నాడు మధ్యాన్నం నాకు కథ సెప్పాల.” ఎందుకంటే, ఆయన భార్య నౌపడలో స్కూలు టీచరు. (ఆయన మావ గనక ఆవిడ మాకు అత్త.) ఆయన గరివిడిలో గదిలో ఉండేవాడు, ఆదివారం చర్చిలో ఆరాధన వేళకి నౌపడ చేరుకుని సోమవారం తిరిగొచ్చేవాడు. మిగతా రోజులు ఒంటరిగా ఉండలేక అత్త ఒక ఒప్పందం పెట్టింది. రాత్రి ఎనిమిదింటికి అక్కడ తను, ఇక్కడ ఆయన ఒకే సీరియల్ చూడాలి. మర్నాడు మధ్యాహ్నం స్కూలు భోజనం బెల్లు కొట్టాక ఫోన్లో దాని గురించి మాట్లాడుకోవాలి. “ఒకే బొమ్మ సూస్తే ఒకే ఇంట్లో ఉన్నట్టుంటాది అన్నాదిరా మీ అత్త,” అంటున్నప్పుడు మావ గొంతు నిజంగానే తగ్గింది.

చిక్కేమిటంటే మావ ఎనిమిదింటికి ఫర్నేసు దగ్గర ఉంటాడు. బీపీ వచ్చిందని అత్త ఆయన చేత బైబిలు మీద చెయ్యి వేయించుకున్నంత పని చేసి, సాయంత్రానికి ఇల్లు చేరే జనరల్ షిఫ్టుకి మారతానని మాట తీసుకుంది. ఆయన మారలేదు. మారిపోయానని మాత్రం చెప్పాడు. “మూడో నంబరు ఫర్నేసు మీద అందరూ కొత్తోళ్ళేరా. ఎర్రగా కరిగిన లోహం బయటికొస్తన్నప్పుడు ఎక్కడ నిల్చోవాలో తెలీదు ఒక్కడికీ. వీళ్ళకి సేతికి పని వచ్చీదాకా ఎలగ ఎల్తాను?” అన్నాడు. ఇంత పెద్ద కారణం విన్నాక కాదనలేకపోయాను. పైగా మా ట్రైనీల గురించి పైవాళ్ళకి మంచి మాట చెప్పేవాళ్ళలో ఆయన ఒకడు (ఈ సంగతి నాకు ముందు గుర్తొచ్చిందా తర్వాత గుర్తొచ్చిందా అని మీరు అడగకండి).

ఒక వారం నిజాయితీగా చూశాను. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ పడీపడీ నవ్వేది, నేను పక్కన కూర్చుని పళ్ళు నూరుకునేవాణ్ణి. రెండో వారం స్నేహితుడు కొత్త ఇంగ్లీషు సీరియల్ ఒకటి ఇచ్చాడు. ఎనిమిదింటికి అది కంప్యూటర్లో పెట్టుకుని కూర్చున్నాను. పోనీ తర్వాత అమ్మని అడిగితే రెండు నిమిషాల్లో కథ చెప్పేసేది. అడగలేదు. అల్లుడి సీరియల్ గురించి అమ్మని అడగడం నా స్థాయికి తగదనుకున్నాను. మర్నాడు మావ ఎదురుగా కూర్చుని “సెప్పు, సెప్పు,” అంటుంటే, ఇంగ్లీషు సీరియల్లో ఒకడు తువ్వాలు కట్టుకుని బాల్కనీలో ఇరుక్కుపోయిన కథని తీసుకొచ్చి అల్లుడికి తగిలించాను. మన అల్లుడు తువ్వాలుతో పెంకుల మీద ఇరుక్కుని, జామచెట్టు పట్టుకుని దిగబోయి, మావగారి పడక కుర్చీలో మావగారి మీదే పడ్డాడు. ఫర్నేస్ మావ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. స్టోర్సు బావ కూడా నవ్వాడు. “ఈ సీరియల్ ఈమధ్య బాగుపడిందిరోయ్,” అన్నాడు.

ఆ మాటతో నా పని అయిపోయింది. చెత్త సీరియల్ని బాగుచేస్తున్న మేధావినని నాకు నేనే తీర్మానించుకుని, ఆ తర్వాత మూడు వారాలు టీవీ ముఖం చూడలేదు. అల్లుడు లిఫ్టులో ఇరుక్కున్నాడు (పెంకుటింట్లో లిఫ్టెక్కడిదని ఎవరూ అడగకుండా ముందే అతన్ని విశాఖపట్నం పెళ్ళికి పంపాను). పక్కింటి వాళ్ళ కుక్కని దొంగిలించి తనే వెతికిపెట్టాడు. టీ కొట్టు దగ్గర జనం పెరిగారు. నేను చెప్పడం ఆపగానే మావ ఫోన్ పట్టుకుని సైకిల్ స్టాండు వైపు పరిగెత్తేవాడు. అక్కడ ఆ ఫోన్ అవతల ఏం జరుగుతోందో నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. అబద్ధం చెప్పేవాడికి ఉండాల్సిన కనీస జాగ్రత్త కూడా నాకు లేదు.

ఒక సోమవారం మావ టీ తాగలేదు, సమోసా ముట్టుకోలేదు. “మీ అత్తకి ఒంట్లో బాగోలేదురా,” అన్నాడు. “మరుపొస్తన్నాది. నిన్నటిది ఏదైనా సెప్తే అలాగేటీ రాలేదంటాది. కునుకు తీసీసుంటావే అన్నాను. నాలుగురోజులు అవునేమో అన్నాది. ఇప్పుడు నేనేటి సెప్పినా ఊఁ అని ఊరుకుంటన్నాది, ముక్క మాటాడదు. వాళ్ళమ్మకీ ఇలాగే మొదలైనాది. ఆఖర్న కూతుర్ని కూడా పోల్చుకోలేదు.” జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. విశాఖపట్నంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి సెలవు చీటీ. “అదే గాని అయితే ఉద్యోగం మానీసి నౌపడ ఎల్లిపోతాను. ఇంకెన్నాళ్ళు దూరంగా ఉంటాం?” అన్నాడు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు.

చెప్పేయాలి. మంగళవారం చెబుదామనుకున్నాను, చుట్టూ జనం ఉన్నారు. బుధవారం జనం లేరు, నాకు ధైర్యం లేదు. ఈలోగా రాత్రిళ్ళు బుద్ధిగా అమ్మ పక్కన కూర్చుని సీరియల్ చూడడం మొదలుపెట్టాను గాని, మర్నాడు ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ నవ్వక, సగంలో నా సొంత సరుకు కలిపేసేవాణ్ణి. గురువారం ఏదైతే అదైందని గట్టిగా నిశ్చయించుకుని వెళ్ళాను. మావ దిగులుగా చూసి, “నిన్నటిది మొదలెట్టరా, కాస్త మనసు తేలికపడతాది,” అన్నాడు. నోరు తెరిచాను. ఒప్పుకోలు రావాల్సిన నోట్లోంచి అల్లుడు వచ్చాడు. అలవాటైపోయింది మరి. అల్లుడు మావగారి కట్టుడుపళ్ళు కడిగి ఎండలో ఆరబెడితే కాకి ఎత్తుకుపోయే దగ్గరికి వచ్చేసరికి, మా వెనక బెంచీ మీంచి ఒక ఆడగొంతు, “తర్వాత ఏటైంది బాబూ?” అంది.

తిరిగి చూస్తే, తెల్లచీర, చేతిలో సంచీ, పక్కన క్యారేజీ. మావ లేచి నిలబడ్డాడు. హెల్మెట్ చంకలో ఉంది, బి షిఫ్టు బూట్లు కాళ్ళకున్నాయి. ఇక దాచడానికేమీ మిగల్లేదు. అత్త ఆయన వైపు చూడలేదు. “కానీ బాబూ, పూర్తి సెయ్యి. నేను నిన్న ఆ సీరియల్ సూసినాను. మావగారికి జొరమొచ్చి పడుకున్నాడు, అల్లుడు జావ ఒలకబోసినాడు. కాకి రాలేదు మరి.” బడిలో బెంచీ ఎక్కించినట్టు లేచి నిలబడ్డాను. మొత్తం చెప్పేశాను. పెన్‌డ్రైవు, తువ్వాలు, లిఫ్టు, కుక్క, అన్నీ. అయ్యాక అత్త సంచీలోంచి ఒక చీటీ తీసి మావ ముందు పెట్టింది. డాక్టరు దగ్గర పేరు రాయించిన చీటీ, అదీ నరాల డాక్టరే. పేరు మాత్రం మావది.

“ఫర్నేసు వేడికి మీకు మతి పోతన్నాదనుకున్నాను,” అంది. “లేని కాకులూ కుక్కలూ సెప్తన్నారు. కాదంటే బీపీ పెరుగుతాదని ఊఁ కొడతన్నాను. పది రాత్రులై నిద్దర లేదు నాకు.” అంతవరకూ టీచరమ్మలా మాట్లాడి, ఒక్కసారిగా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మావ సెలవు చీటీ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చదువుకుంది. ఏడుస్తూనే నవ్వింది. నాకు మాత్రం నేలలోకి దిగిపోవాలనిపించింది. నేను జనాన్ని నవ్వించానని మురిసిపోతున్న ఆ పది రాత్రులూ, రెండు ఊళ్ళలో ఇద్దరు ఒకరి కోసం ఒకరు భయంతో మేలుకుని ఉన్నారు. అంత సిగ్గు నేను ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు.

షిఫ్టు సంగతి కూడా అక్కడే తేలింది. మావ పక్క బెంచీ మీదున్న ఫర్నేసు కొత్తవాళ్ళని చూపించాడు. అత్త వాళ్ళని ఎగాదిగా చూసి, “వీళ్ళకి పనొచ్చీదాకానే,” అంది. నా వైపు తిరిగి, “నువ్వు రోజూ సీరియల్ సూసి ఉన్నదున్నట్టు సెప్పాలి బాబూ. నేను మావని అడుగుతాను, తేడా వస్తే నీ సంగతి సూస్తాను,” అంది. అంతకన్నా పెద్ద శిక్ష ఫ్యాక్టరీ యాజమాన్యం కూడా వెయ్యలేకపోయేది.

మావ షిఫ్టుకి వెళ్ళిపోతే, సాయంత్రం అత్తని స్టేషన్లో బండెక్కించే పని నాకు పడింది. ప్లాట్‌ఫారం మీద నేను మళ్ళీ క్షమాపణ మొదలుపెడితే ఆవిడ ఆపేసింది. “ఒక మాట సెప్తాను, మీ మావతో అనకు. నువ్వు సెప్పిన కథలే బాగున్నాయి. ఆ సీరియల్ నాకు నచ్చదు. అత్తగారు అస్తమానూ నెత్తి కొట్టుకోడవేటి? మీ మావకి ఇష్టమని సూస్తన్నాను.” బండి వచ్చింది, ఎక్కేసింది. మర్నాడు మధ్యాహ్నం, బావ లేని సమయం చూసి మావ నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఒరే, ఉన్నదున్నట్టు సెప్పమన్నాది గాని, కాస్త తొందరగా సెప్పీ. నిజం సెప్పాలంటే ఆ అల్లుడ్ని సూస్తే నాకు సిరాకు. మీ అత్తకి ప్రాణమని ఊరుకుంటన్నాను. ఎక్కడా అనకు.”

అడక్కుండా అభిప్రాయాలు చెప్పే నా నోరు ఆ క్షణాన ఎంత దురద పెట్టిందో మాటల్లో చెప్పలేను. నిజానికి ఒక్క ముక్క చాలు, ముగ్గురం బతికిపోతాం. కానీ అప్పుడే మావ జేబులో ఫోన్ మోగింది. అంత లావు మనిషి బూట్ల లేసులు ఊడిపోతున్నా లెక్కచెయ్యకుండా సైకిల్ స్టాండు వైపు పరిగెత్తడం చూశాక నోరు రాలేదు. మావ జనరల్ షిఫ్టుకి మారేదాకా, ఎనిమిది నెలలు, ముగ్గురికీ నచ్చని సీరియల్ని ముగ్గురం ఒక్కరోజు తప్పకుండా నడిపించాం.

మొన్న ఏదో పనిమీద నౌపడ వెళితే వాళ్ళింటికి వెళ్ళాను. రిటైరయ్యాక ఇద్దరూ అక్కడే ఉంటున్నారు. ఎనిమిదయ్యేసరికి టీవీ పెట్టారు, ఇప్పటిదేదో కొత్త కామెడీ, ఘోరంగా ఉంది. జోకు పడగానే మావ అత్త మొహం చూశాడు, అత్త మావ మొహం చూసింది, ఆ తర్వాత ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. టీవీ వైపు ఎవరూ చూడడం లేదు. “ఎలగుందిరా?” అని మావ అడిగాడు. ఇరవై రెండేళ్ళప్పటి ఆ కుర్రాడు అక్కడ ఉంటే ఏమనేవాడో నాకు బాగా తెలుసు, పాపం వాడికి టీవీలో వచ్చేది తప్ప గదిలో ఇంకేమీ కనబడేది కాదు. చాలా బాగుంది మావా అన్నాను. కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.