మా అమ్మాయి తల, మా ఆయన ర్యాంకు

మా ఆయనకి పర్సెంటైల్ అంటే ఒకటే అర్థం, ర్యాంకు. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో తనకొచ్చిన స్టేట్ ర్యాంకు సంగతి, అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో మా వీధి వీధంతటికీ తెలుసు. పక్కింటి అమెరికన్ పెద్దాయనకి ర్యాంకంటే ఏమిటో తెలియదు గాని, మా ఆయన ర్యాంకెంతో తెలుసు. అలాంటి మనిషికి పిల్లల డాక్టరు కంప్యూటర్‌లో ఒక గ్రాఫు చూపించి, మా తొమ్మిదినెలల అమ్మాయి తల చుట్టుకొలత మూడో పర్సెంటైల్‌లో ఉందని చెప్పింది.

"వందకి మూడా?" అన్నాడు.

ఇవి మార్కులు కావనీ, ఈ వయసు పిల్లల్ని వందమందిని వరసగా నిలబెడితే దీనికన్నా చిన్న తల ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారని మాత్రమే అర్థమనీ ఆ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మా ఆయన శ్రద్ధగా తల ఊపి, "ఎలా ఇంప్రూవ్ చేయాలి?" అని అడిగాడు. ఆవిడ, వచ్చే నెల మళ్ళీ కొలుద్దాం, ఇద్దరూ కలిసి రండి అంది.

వేరే రోజైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. నా భయం నాకుంది.

నేను జన్యువుల మీద పరిశోధన చేసే ఒక లాబ్‌లో పనిచేస్తాను. నా పనేమిటని మా అత్తగారు అడిగినప్పుడు ఇలా చెప్పాను. పోపులపెట్టె అందరిళ్ళలోనూ ఒకటే. ఏ కూరకి ఏది ఎంత పడాలన్నదే వంట. జన్యువులూ అంతే. మెదడులో ఉన్నవే కాలి వేలిలోనూ ఉంటాయి. ఎక్కడ ఏది పనిచేయాలో, ఏది నోరు మూసుకుని కూర్చోవాలో చెప్పే చిన్న చిన్న రసాయన గుర్తులు వాటి మీద పడుతుంటాయి. ఆ గుర్తులకి కావలసిన సరుకు కొంత తిండిలోంచే వస్తుంది, ఆకుకూరల్లోంచి, గుడ్డులోంచి, పప్పులోంచి. బిడ్డ మెదడు తయారయ్యే రోజుల్లో ఆ సరుకు బాగా తగ్గితే పడాల్సిన చోట గుర్తులు పడకపోవచ్చు. అది తేల్చడానికి మేం కడుపుతో ఉన్న చిట్టెలుకల్లో కొన్నిటికి మంచి తిండీ, కొన్నిటికి ఆ సరుకు తీసేసిన తిండీ పెట్టి, వాటి పిల్లల మెదళ్ళు చూస్తాం. తండ్రి ఎలుక ఏం తిన్నదని అడిగే లాబులు లేకపోలేదు గాని, మాది కాదు. మాకు తల్లి దొరికితే చాలు.

నాకేమో వేవిళ్ళు ఐదో నెల దాటినా వదల్లేదు. గుడ్డు వాసనొస్తే చాలు, సింకు దగ్గరికి పరుగు. కడుపులో నిలిచినవి మజ్జిగన్నం, ఉప్పు బిస్కెట్లు. పొద్దున్నే వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, లాబ్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి ఎలుకలకి మేత తూచి పెట్టేదాన్ని. మంచి తిండి గూట్లో ఎలుక నా కళ్ళముందే హాయిగా తింటుంటే ఒళ్ళు మండేది. పక్క గూట్లో, సరుకు తీసేసిన తిండి తినేదాన్ని చూస్తే మాత్రం అది నేనే అనిపించేది.

మనిషి బిడ్డ ఎలుకపిల్ల కాదనీ, తల్లి ఒంట్లో నిలవున్నది బిడ్డ లాగేసుకుంటుందనీ, అందులో మెదడు తన వాటా ముందు పుచ్చుకుంటుందనీ నాకు తెలుసు. ఇంకెవరైనా అడిగితే ఈ మాటలే చెప్పి ధైర్యం ఇచ్చేదాన్ని. నాకు నేను చెప్పుకుంటే నమ్మబుద్ధి కాలేదు. మూడో పర్సెంటైల్ అన్న మాట చెవిన పడగానే, నేను తినకపోవడం వల్లే నా పిల్ల మెదడు ఎదగలేదని తేల్చేసుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

మా ఆయనకి నా భయం తెలియదు గాని నా సైన్సు మాత్రం అక్కడక్కడా తెలుసు. ఆ కాస్త చాలు, ఇంట్లో కోచింగ్ సెంటర్ తెరిచేశాడు. పొద్దున గుడ్డు సొన, మధ్యాహ్నం పాలకూర పప్పు, సాయంత్రం ముళ్ళు తీసి మెదిపిన సాల్మన్ చేప. పిల్లకి అప్పటికి వచ్చిన పళ్ళు రెండు, సిలబస్ మాత్రం కొండంత. అది సాల్మన్‌ని తీరిగ్గా చేత్తో పిసికి, కుర్చీలోంచి వంగి కార్పెట్ మీద వదిలేది. కార్పెట్‌కి మెదడుంటే ఈపాటికి మెడిసిన్‌లో సీటు వచ్చేది.

మా అమ్మ ఆరు నెలలుండి వెళ్ళిపోయాక, డ్యూటీ మారినట్టు మా అత్తగారు వచ్చింది. ఈ సిలబస్ అంతా వండాల్సింది ఆవిడే. ప్రతి ముద్దకీ మా ఆయన పక్కన నిలబడి పాఠం చెప్పేవాడు.

"తల్లి ఏం తింటే అదే బిడ్డ బుర్ర అమ్మా. కడుపులో ఉన్నప్పుడూ, మొదటి రెండేళ్ళూ. అది దాటితే ఇంక మన చేతుల్లో ఏం లేదు."

"అలాగేరా," అనేది ఆవిడ. మీటింగ్ ఉందని ఆయన మేడ మీదికి వెళ్ళగానే పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా కలిపి పెట్టేది. పిల్ల గిన్నె ఖాళీ చేసేది.

ఆదివారం ఆదివారం తల కొలవడం మొదలైంది. జాకెట్లు కుట్టే టేపు తెచ్చి పిల్ల నుదుటి చుట్టూ తిప్పేవాడు. బిగించి పట్టుకుంటే కొలత తగ్గుతుందని బాగా వదులుగా పట్టుకునేవాడు. కన్నకూతురి తల దగ్గర కాపీ కొట్టిన తండ్రిని నేను ఈయన్నే చూశాను.

ఆ మధ్యలో ఒక బర్త్‌డే పార్టీ వచ్చింది. పిల్లల తల్లిదండ్రులంతా బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు.

"మావాడి హెడ్ నైంటీ సెవెంత్ అండీ. డాక్టరే షాక్ అయిపోయింది," అంది ఒకావిడ.

"మా పాప హైట్ సిక్స్టీ," అన్నాడు మా ఆయన.

"మరి హెడ్?"

"బిర్యానీ చాలా బాగుందండీ. ఎక్కడ ఆర్డర్ చేశారు?"

నెల తిరిగాక అందరం డాక్టర్ దగ్గరికి వెళ్ళాం, అత్తగారితో సహా. డాక్టరు పిల్ల తల కొలిచింది. గ్రాఫులో ఇంకా అదే మూడో పర్సెంటైల్ గీత, తల దాని పక్కనే బుద్ధిగా పెరుగుతోంది. పిల్ల మాత్రం చప్పట్లు కొట్టింది, ఆవిడ మెడలో స్టెతస్కోప్ పట్టుకుని వదల్లేదు, దాచిన బొమ్మని దుప్పటి కిందినుంచి లాగింది. అప్పుడు నేను ధైర్యం చేసి, ఇంగ్లిష్‌లో, నా వేవిళ్ళ సంగతి చెప్పి, నేను తినకపోవడం వల్లేనా అని అడిగాను.

ఆవిడ టేపు తీసుకుని మా ఆయన వైపు తిరిగింది.

"డాడ్, మీరిలా కూర్చుంటారా?"

ముందు మా ఆయన తల, తర్వాత నా తల కొలిచి, పెద్దవాళ్ళ చార్టు తెరిచి చూసింది. నాది మధ్యలో ఎక్కడో ఉంది. మా ఆయనది అట్టడుగున, సరిగ్గా కూతురున్న చోట. ఆవిడ నవ్వేసింది. పాపకి నాన్న తల వచ్చింది, అన్నీ వేళకి చేస్తోంది, మీరు తిన్నదానికీ తిననిదానికీ దీనికీ ముడి పెట్టకండి అంది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. అంత తేలికగా ఊపిరి తీసుకుని ఎన్ని నెలలైందో.

"ఇంకోసారి కొలుస్తారా?" అన్నాడు మా ఆయన. కొలిచింది. రీవాల్యుయేషన్‌లోనూ అదే వచ్చింది.

స్టేట్ ర్యాంకు ఆ తలలోంచే వచ్చింది గదా, ఇంక బాధేమిటని ఎవరైనా అనుకుంటారు. తను అనుకోలేదు. తను పనిచేసే డేటా సెంటర్‌లో ఒక్క సర్వర్ ఆగిపోతే ఎందుకు ఆగిందో తేల్చేదాకా అన్నం ముట్టని మనిషి. ఇంటికి తిరిగి వస్తుంటే కారు తనే నడిపాడు. వెనక సీట్లో పాప పక్కన కూర్చున్న అత్తగారికి, డాక్టరు చెప్పిందంతా నేనే తెలుగులో చెప్పాను. పాపకి వాళ్ళ నాన్న తలే వచ్చిందట అన్నాను, నవ్వుతూ.

రెడ్ లైట్ దగ్గర కారాపి మా ఆయన అడిగాడు.

"అమ్మా, నేను కడుపులో ఉన్నప్పుడు నువ్వేం తినేదానివి?"

"ఏముందిరా. మిగిలింది."

"మిగిలిందంటే?"

"మీ తాతయ్యా, నాన్నా, బాబాయిలూ, అత్తలూ అంతా తిన్నాక గిన్నెల్లో ఏముంటే అది. ఒక్కోరోజు కూర ఉండేది. ఒక్కోరోజు గంజీ, ఉప్పూ."

లైటు పచ్చగా మారినా కారు కదల్లేదు. వెనకాల ఎవరో హారన్ కొట్టారు.

"దానివల్లేనా నాయనా నీ తల అలా అయింది?" అంది ఆవిడ. తర్వాత నా వైపు తిరిగింది. "అదే పిల్లకీ వచ్చిందన్నావు గదా. అయితే దీనికీ నావల్లేనా? చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా."

నా నెత్తి మీంచి దిగిన బరువు అలా ఆవిడ నెత్తికెక్కింది. అడిగినందుకు మా ఆయన మీద కోపం వచ్చింది. తల్లిని తప్ప ఎవర్నీ లెక్కలోకి తీసుకోని మా లాబ్ మీద వచ్చింది. కడుపుతో ఉన్న మనిషికింత తీసి ఉంచకుండా గిన్నెలు ఖాళీ చేసిన ఆ ఇంటిల్లిపాది మీదా వచ్చింది.

"కాదు అత్తయ్యా," అన్నాను. లాబ్‌లో ఏదీ ఇంత గట్టిగా అనం. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, ఇంకా చూడాలి అంటాం. "కొందరి తలలు అంతే. మీవల్ల కానే కాదు," అన్నాను.

"పోన్లే తల్లీ," అని పాప కాలు నిమురుతూ కూర్చుంది.

చాలా దూరం వెళ్ళాక మా ఆయన అన్నాడు. "ఇన్నాళ్ళూ ఎప్పుడూ చెప్పలేదేమిటమ్మా?"

"ఎవరైనా అడిగితేగా చెప్పడానికి. నేనేం తిన్నానో ఇన్నేళ్ళకి నువ్వే అడిగావురా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కొడుకు అడిగాడని సంతోషంగా చెప్పింది.