అప్పడాల్లాంటి టైర్లు

అందరూ బాగున్నారా? అక్కయ్య మోకాళ్ల నొప్పులు, తమ్ముడి షుగరు, చంటిదాని దగ్గు తగ్గాయా? నాకైతే ఈ రోజు బీపీ పెరిగింది.

మనవడు ఫ్యాషనని తన కారు ఎత్తు తగ్గించి, నేలకు ఆనేలా కిందికి దింపించాడు. దానికి అప్పడాల్లాంటి పల్చటి టైర్లు కావాలని నన్ను వెంటబెట్టుకుని అద్దంకిలో టైర్ల షాపుకి వెళ్లాడు. వినుకొండ నుంచి వాడి చెల్లెల్ని పురిటికి ఆ కారులోనే తీసుకురావాలి. దారంతా మిర్చి లారీలు తొక్కిన గుంటలు.

"బాబూ, నీ కారుకు ఇవే వేసుకున్నావా?" అని షాపాయన్ని అడిగాను.

"లేదండి మామ్మగారూ, నావి లావు టైర్లే. మన రోడ్లకి ఇవి ఆగవు."

"నానమ్మా, నువ్వెళ్లి కారులో కూర్చో," అన్నాడు మావాడు. అందులోకి దిగాలంటే నన్ను ఇద్దరు పట్టుకోవాలి.

చివరికి ఆ పల్చటివే వేయించాడు. నిండు చూలాలిని మీరైతే అందులో ఎక్కిస్తారా, చెప్పండి. నేను వేరే కారు మాట్లాడేశాను. వాడికింకా చెప్పలేదు. బుధవారం పొద్దున్నే వినుకొండ ప్రయాణం.