అమ్మ పేరు రాసిన చుక్కల సీసా

పోయిన వానాకాలం పంట వడ్లు తూర్పార పడుతుంటే అమ్మ కుడి కంట్లో పొట్టు పడింది. కొంగు ఊది ఒత్తుకుంటే పోతుందనుకుంది. నాలుగో రోజుకు నల్లగుడ్డు మీద తెల్లటి పొక్కు లేచింది. పెద్దవంగర నుంచి జనగామకు తీసుకుపోయాను. కంటి డాక్టరమ్మ చూసి, బూజు పట్టిన పుండు అంది. దానికి సరిపోయే చుక్కలు షాపులో దొరకవట, పొడి కలిపి తయారు చేయాలట. ఇదివరకు తమ దవాఖానలోనే కలిపేవాళ్లు. ఇప్పుడు శుభ్రమైన ప్రత్యేక గది, అనుమతి ఉన్నచోటే కలపాలంటున్నారని, హైదరాబాద్ కంటి దవాఖానకు చీటీ రాసిచ్చింది.

నేను పదో తరగతితో ఆగినదాన్నే గానీ నా నోరు ఎక్కడా ఆగదు. నీళ్లలో పొడి కలపడానికి ఇంత దూరం తిప్పాలా అని, హైదరాబాద్‌కు పోయాక అక్కడ మందు కలిపే అక్కను అడిగేశాను. ఆమె నవ్వలేదు.

"చెల్లె, ఆ నీళ్లు జర ఖరాబైనా ఈ మందే కన్ను తీస్తది. గందుకే ఎవరి సీసా వాళ్లకే."

సీసా మీద అమ్మ పేరు రాసింది. వారం రోజులే పనికొస్తుందని, చల్లగా ఉంచాలని, మళ్లీ కావాలంటే డాక్టర్ చూసి రాసిన కొత్త చీటీ తేవాలని చెప్పింది.

టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య పెట్టి రైల్లో, బస్సులో తెచ్చాను. మాకు ఫ్రిజ్ లేదు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో కూల్‌డ్రింకుల పక్కన పెట్టించాను. గంటకోసారి అమ్మ వెళ్లి వేయించుకునేది. నీకు నా దుకాణంలో హాజరు పట్టీ పెట్టాలని కొట్టాయన ఎగతాళి చేసేవాడు.

ఐదో రోజుకే సీసా ఖాళీ అయింది. గట్టిగా అడిగితే అమ్మ చెప్పింది, పక్కింటి ముసలవ్వకు కళ్లు ఎర్రబడితే ఆమెనూ కొట్టుకు వెంటబెట్టుకుపోయి రోజూ వేయిస్తోందట. మా ఊళ్లో కంట్లోకి చుక్క అడిగితే కాదనే వాళ్లుండరు. బాలింత పాలైనా అంతే, మందైనా అంతే.

"సీసా మీద నీ పేరే ఉన్నది కదనే అమ్మా," అన్నాను.

"ఉంటే ఏంది బిడ్డా. ఆమెది సుత కన్నే కదా."

హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే, కొత్త చీటీ లేకుండా కలపలేనని మందు కలిపే అక్క మెల్లగా చెప్పింది. జనగామ డాక్టరమ్మ మర్నాడు గానీ రాలేదు. హైదరాబాద్ వెళ్లి వచ్చేసరికి ఇంకో రోజు. రెండు రోజులు అమ్మ కంట్లో చుక్క పడలేదు, పుండు లోపలికి దిగింది.

చివరికి మానింది గానీ తెల్లమచ్చ మిగిలింది. ఆ కంటికి వాకిట్లో మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. ముసలవ్వ కళ్లు బాగయ్యాయి. రోజూ పొద్దుగూకే ముందు వచ్చి, అమ్మకు కుడిపక్కన కూర్చునేటప్పుడు "నేనే పిల్లా" అని చెప్పి మరీ కూర్చుంటుంది. చుక్కలు ఎందుకు అయిపోయాయో ఆమెకు అమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.