మాటల్లేని ఇంట్లో ముందు చక్రాలు

మా అన్నయ్యకి పనిలో ఎంత పట్టింపో అలకలోనూ అంతే. రేసు కార్టులు బాగుచేస్తాడు. నేలబారున పరిగెత్తే ఆ బుల్లి బండికి స్టీరింగ్ తిన్నగా నిలిపి, ముందు చక్రాలు సరిచేయడంలో ఆయనదో పద్ధతి. నడిపే మనిషి సీట్లో కూర్చోవాల్సిందే. బరువు పడితే చట్రం కాస్త వంగి చక్రాల వరస మారిపోతుందట. అందాకా స్టీరింగ్ నుంచి చక్రాలకి వెళ్లే కడ్డీల నట్లు చేత్తో తిప్పి వదిలేస్తాడు. చివరి కొలత చూశాకే పానా పట్టి బిగిస్తాడు. ఈ సంగతి నాకు ఆ రోజు దాకా తెలీదు.

కూర్చోవాల్సింది ఆయన కూతురు. అది వేరే జట్టుకి వెళ్తానందని తండ్రి మాట మానేశాడు. అదేమన్నా తక్కువ తిందా, అదీ మానేసింది. మధ్యలో నా ప్రాణం తోడేస్తున్నారు. దాన్ని అన్నం తినమని ఆయనా, ఆయన్ని మందు వేసుకోమని అదీ నాకే చెప్పడం, ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని. ఇలాంటి పంతాలు మంచికి కాదని నెత్తీ నోరూ బాదుకున్నాను. వింటేగా.

ఆ పొద్దున పందేనికి ముందు, ట్రాక్ దగ్గర, దాని బదులు నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చుంటే చట్రం వంగడం కాదు, బండే చతికిలబడుతుందన్నాను. నవ్వలేదు. నన్నలాగే కూర్చోబెట్టి ఉజ్జాయింపుగా కొలిచి, అది వస్తే మళ్లీ చూడాలని గొణుక్కుంటూ పానా కోసం షెడ్డు లోపలికి వెళ్లాడు.

ఈలోగా మేనకోడలు వచ్చింది. తండ్రి లేడని చూసుకుని, "అయిపోయిందా అత్తా?" అనడిగింది.

"కొలిచాడుగా, అయినట్టే ఉందే" అన్నాను.

హెల్మెట్ తగిలించుకుని బండి తీసుకుపోయింది. నాకెందుకో మనసు కీడు శంకించింది. ఎదురుపడితే మళ్లీ గొడవవుతుందనే భయం కాబోలనుకున్నాను.

అన్నయ్య వచ్చి ఖాళీ స్టాండు చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నట్లు బిగించలేదే" అన్నాడు.

మోకాళ్ల నొప్పుల మనిషి, కంచె దాకా ఎలా పరిగెత్తాడో. అప్పటికే బండి ఒక చుట్టు తిరిగొస్తోంది. ఎడమ చక్రం అదురుతోంది, ఏమీ తెలియని నా కంటికే ఆనింది. అన్నయ్య రెండు చేతులూ పైకెత్తి, "చిట్టీ, ఆగమ్మా!" అని గొంతు చించుకున్నాడు.

ఇంజన్ల మోతలో దానికి మాట వినబడలేదు. నాన్న తనని పిలుస్తున్నాడని మాత్రం కనబడింది, ఇన్నాళ్లకి. పిచ్చితల్లి, పొంగిపోయింది. మలుపు దగ్గర స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి, నాన్నకి ఊపింది.